సాక్సు తొడుక్కోవడానికి ఎనిమిది మెట్లు

మేముండేది జాబ్రియాలో. కువైట్ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఊరి చుట్టూ వేసిన రింగు రోడ్లలో నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య ఉన్న పేట ఇది. ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి, వైద్య కళాశాల ఇక్కడే ఉన్నాయి. పొద్దున్నే ఆరున్నరకి నేను కారు తీసే వేళకి పక్కింటి ప్రహరీ నీడలో ఒక అక్క, ఒక కుర్రాడు స్కూలు బస్సు కోసం నిలబడి ఉంటారు. కుర్రాడికి పదేళ్ళుంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లవాడు. అక్కది రాజంపేట దగ్గర పల్లెటూరు. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే విని, "తెలుగోళ్ళా సార్?" అని పలకరించడంతో మా పరిచయం మొదలైంది.

మొన్నామధ్య ఒకరోజు అక్క నా కారు దగ్గరికే వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టింది. "బడి నుంచి పంపినారు సార్. మా మేడమ్ ఊర్లో లేదు. ఒకపక్క అరబ్బీ, ఒకపక్క ఇంగ్లీషు. మాట్లాడమంటే అరబ్బీ మాట్లాడతా గానీ చదవను రాదు. ఏముందో చెప్పండి."

చూద్దును కదా, అది సాక్సు తొడుక్కోవడం ఎలాగో చెప్పే కాగితం. మొత్తం ఎనిమిది మెట్లు. కూర్చోవడం, సాక్సు తీసుకోవడం, నోరు ఎటుందో చూడడం, రెండు బొటనవేళ్ళూ లోపలికి పెట్టడం, దగ్గరికి కుచ్చులా పోగెయ్యడం, కాలివేళ్ళు దూర్చడం, మడమ దాటించడం, చీలమండ మీదికి లాగడం. కింద ఒక సూచన: మొదటి ఏడు మెట్లూ మీరు చెయ్యండి, చివరిది మాత్రం పిల్లవాడే చెయ్యాలి, ఎంతసేపైనా సరే మీరు చెయ్యి పెట్టకండి.

అంతా విని అక్క మొహం చిన్నబుచ్చుకుంది. "నేను లాగొద్దంటనా? మరి నాకు జీతం దేనికిస్తాండారు సార్?"

ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. బస్సొచ్చింది, ఆమె వెళ్ళిపోయింది. కానీ ఆ కాగితం నాకు కొత్త కాదు. దాని ముత్తాతని మా ఇంట్లోనే చూశాను.

* * *

మాది తాడేపల్లిగూడెం. నాకొక తమ్ముడున్నాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాడు పుట్టినప్పుడు ఏడవడానికి చాలాసేపు పట్టిందని అమ్మ చెప్పేది. నడక మూడేళ్ళకి, మాటలు ఐదేళ్ళకి వచ్చాయి. ఎనిమిదేళ్ళొచ్చినా అన్నం అమ్మే తినిపించేది, స్నానం అమ్మే చేయించేది, చొక్కా గుండీలు అమ్మే పెట్టేది. మా ఊళ్ళో ఒక స్కూలువాళ్ళు వాణ్ణి చేర్చుకుని నెల తిరక్కుండా, "వీడికి బాత్రూమ్ సంగతి కూడా తెలియదండీ" అని ఇంటికి పంపేశారు. వాడు లెక్కలు రానందుకు కాదు, నిక్కరు విప్పుకోవడం రానందుకు బడి పోగొట్టుకున్నాడు. ఇది నేను ఎప్పటికీ మర్చిపోలేని విషయం.

2000లో నాన్న సెలవు పెట్టి అమ్మనీ తమ్ముణ్ణీ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ తీసుకెళ్ళారు. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థకి. అక్కడ వాడికి మందేమీ ఇవ్వలేదు. బోలెడన్ని ప్రశ్నలు అడిగారట: గ్లాసు పట్టుకుంటాడా? చెప్పులు కుడీ ఎడమా తెలుసా? పిలిస్తే వస్తాడా? ఆకలి వేస్తే చెబుతాడా? చివరికి బొమ్మలున్న ఒక సన్నటి ఇంగ్లీషు పుస్తకంతో ఇంటికొచ్చారు. రాత్రి భోజనాలయ్యాక నాన్న అది చదివి తెలుగులో చెబుతుంటే అమ్మ గోడకి చేరబడి వినేది. నేను ఇంటర్నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలు పోసి ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని కలలు కంటున్న రోజులు. మా ఇంట్లోనే ప్రోగ్రామింగ్ క్లాసు జరుగుతోందని అప్పుడు తెలియలేదు.

ఈ విద్యకి ఒక చరిత్ర ఉంది. అక్కకి నేను చెప్పాలనుకున్న జవాబు కూడా అందులోనే ఉన్నట్టుంది. కాస్త ఓపిక పట్టండి, రెండు వందల పాతికేళ్ళ వెనక్కి వెళ్ళి వద్దాం.

* * *

1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్సులో అవేరాన్ అనే ప్రాంతంలో అడవిలోంచి ఒక కుర్రాడు బయటికొచ్చాడు. పన్నెండేళ్ళుంటాయి. మాట లేదు, ఒంటి మీద సరైన బట్టలేదు. పారిస్ తీసుకొస్తే అప్పటి పేరుమోసిన వైద్యుడు పినెల్ పరీక్షించి, వీడు పుట్టుకతోనే బుద్ధి లేనివాడు, బాగుపడడు అని తేల్చేశాడు. బధిరుల పాఠశాలలో కొత్తగా చేరిన జాన్ ఇటార్ అనే కుర్ర డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. వీడికి ఎవరూ నేర్పలేదు కాబట్టి రాలేదేమో అన్నాడు. విక్టర్ అని పేరుపెట్టి, ఐదేళ్ళ పాటు వాడి మీద పని చేశాడు.

ఇటార్ రాసిన నివేదికలు చదివితే తమాషాగా ఉంటుంది. ఆయన అసలు ఆశ వాడిచేత మాట్లాడించాలని. అది పెద్దగా ఫలించలేదు. ఫలించినవన్నీ ఇంటి పనులు. వేడి నీళ్ళ స్నానాలు అలవాటు చేశాక, నీళ్ళు తగినంత వేడిగా లేకపోతే తొట్టిలో దిగనని మొరాయించేవాడట. చలి తెలిసొచ్చాక, పక్కనే బట్టలు పెట్టి కాసేపు ఊరుకుంటే తనే తొడుక్కోవడం నేర్చాడు. ఎవరూ తొడగలేదు. చేతికందే దూరంలో పెట్టి ఆగారు. ఆ "ఆగడం" అన్నది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

చరిత్ర పుస్తకాల్లో ఇటార్ పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ, విక్టర్ని రోజూ చూసుకున్నది మదామ్ గెరాన్ అనే ఆవిడ. దానికామెకి ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చేది. ఇటార్ ప్రయోగం ఆపేసి తన దారిన తాను వెళ్ళాక కూడా, 1828లో విక్టర్ చనిపోయేదాకా వాణ్ణి తన దగ్గరే ఉంచుకుంది. జీతానికి పిల్లవాణ్ణి చూసుకునే ఆడవాళ్ళ చరిత్ర ఈ విద్య పుట్టినప్పటి నుంచీ ఉందన్నమాట. మా పక్కింటి అక్కకి ఈ మాట చెప్పాలి.

ఇటార్ దగ్గర నేర్చుకున్నవాడు ఎడ్వర్డ్ సెగాన్. 1837లో ఇటార్ సలహాతో ఒక పిల్లవాడికి పాఠం మొదలుపెట్టాడు. మెదడుకి దారి చేతి నుంచి, కాలి నుంచి వెళుతుందని ఆయన నమ్మకం. మెట్లెక్కడం, పట్టుకోవడం, వదలడం, గుండీ పెట్టడం, ఇవే ఆయన పాఠాలు. 1846లో ఫ్రెంచిలో పెద్ద పుస్తకం రాశాడు. 1848 విప్లవం తర్వాత అమెరికా వెళ్ళి, 1866లో ఇంగ్లీషులో ఇంకొకటి రాశాడు.

ఆ పుస్తకాలు ముప్ఫై ఏళ్ళ తర్వాత రోమ్‌లో ఒక కుర్ర డాక్టరమ్మ చేతిలో పడ్డాయి. ఆవిడ ఇటార్‌నీ సెగాన్‌నీ ఇటాలియన్‌లోకి మార్చుకుంటూ మొదటి నుంచి చివరిదాకా చేత్తో రాసుకుంది, వేగంగా చదివితే అర్థం కాదని. 1900లో ఆ పిల్లల కోసమే పెట్టిన బడిలో పని చేసింది. వాళ్ళలో కొందరు మామూలు పిల్లల పరీక్షలు పాసైపోతే అందరూ ఆవిణ్ణి మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం, మరి మామూలు పిల్లలకి మన బళ్ళలో ఏం చేస్తున్నట్టు అని ఆలోచనలో పడింది. ఆవిడ పేరు మరియా మాంటిస్సోరి.

మన ఊళ్ళలో వీధికొకటి ఉండే మాంటిస్సోరి బోర్డులు తలచుకోండి. ఆ పద్ధతిలో గుండీల చట్రాలు, తాళ్ళు కట్టే చట్రాలు, ఇలాంటివి మొదట బుద్ధి ఎదగని పిల్లల కోసం తయారై, తర్వాత అందరి పిల్లలకీ అందినవి. 1939లో ఆవిడ దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ ఆహ్వానం మీద మద్రాసు అడయారు వచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి, ఎందరో టీచర్లకి శిక్షణ ఇచ్చింది. అలా ఈ విద్య మన గడప దాకా వచ్చింది. కానీ ఎవరి కోసం పుట్టిందో వాళ్ళనే గడప బయట నిలబెట్టాం. మా తమ్ముణ్ణి ఇంటికి పంపిన బడి బోర్డు మీద కూడా మాంటిస్సోరి అనే ఉండేది!

* * *

సెగాన్ తర్వాత పడమటి దేశాల్లో కథ అడ్డం తిరిగింది. బడులుగా మొదలైనవి పెద్ద పెద్ద ఆశ్రమాలై, ఆశ్రమాలు గోడౌన్లయ్యాయి. వందమంది పిల్లలకి ఇద్దరు ఆయాలుంటే ఏం జరుగుతుంది? పిల్లవాడు తనంతట తాను తింటే అరగంట, ఆయా తినిపిస్తే నాలుగు నిమిషాలు. నేర్పడం కంటే చేసిపెట్టడమే చవక. 1972లో న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే సంస్థ లోపలి పరిస్థితి టీవీలో చూసి అమెరికా అంతా అదిరిపోయింది. అక్కడ నేర్పేవాళ్ళు లేరు, చేసిపెట్టడానికి కూడా చాలినంతమంది లేరు.

ఇదే కాలంలో ఐక్యూ అనే అంకె పుట్టింది. అమెరికాలో ఆ పరీక్షలకి పెద్ద పీట వేసిన చోట్లలో న్యూజెర్సీలోని వైన్‌లాండ్ శిక్షణ పాఠశాల ఒకటి. చిత్రమేమిటంటే, ఆ అంకె చాలదన్న గొంతు కూడా అక్కడి నుంచే లేచింది. ఎడ్గర్ డాల్ 1935లో వైన్‌లాండ్ సామాజిక పరిపక్వత కొలబద్ద తయారుచేశాడు. అందులో పజిల్సు ఉండవు. పిల్లవాడు గ్లాసుతో ఒలకకుండా తాగుతాడా, తన చేతులు తాను కడుక్కుంటాడా, దగ్గర్లో కొట్టుకి వెళ్ళొస్తాడా అని ఇంట్లోవాళ్ళని అడుగుతారు. దీన్నే నాగపూర్‌లో ఉన్న మాలిన్ గారు మన దేశానికి తగ్గట్టు మార్చారు. మా అమ్మని అడిగిన ప్రశ్నల వంశం ఇదే. అంకె చూసి తలుపు వేసే రోజుల్లో, "వాడు రోజూ ఏం చేసుకుంటాడు?" అని అడగడం చిన్న మార్పు కాదు. దానికి జవాబు రేపు మారవచ్చు కాబట్టి.

ఏం రాదో తెలిసింది. మరి ఎలా నేర్పాలి? ఇక్కడే నా వృత్తికి చుట్టరికం కలిసింది. రెండో ప్రపంచ యుద్ధం, ఆ తర్వాతి సంవత్సరాల్లో యంత్రాల మీద మనుషులు చేసే పనిని ముక్కలు ముక్కలుగా విడగొట్టి రాయడం సైన్యానికి అవసరమైంది. రాబర్ట్ మిల్లర్ 1953లో అమెరికా వైమానిక దళం కోసం ఈ పద్ధతి రాశాడు. దాని పేరు టాస్క్ అనాలిసిస్. మరోపక్క స్కిన్నర్ శిష్యులు, చిన్న చిన్న పనుల్ని గొలుసులా కలపవచ్చని చూపించారు. 1971లో ఏజ్రిన్, ఫాక్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ పద్ధతితో, పెద్దవాళ్ళైనా మరుగుదొడ్డి అలవాటు కానివాళ్ళకి రోజుల్లో నేర్పవచ్చని రాశారు. అంతకుముందు వాళ్ళందరినీ "వీళ్ళకి రాదు" అని పక్కన పెట్టినవాళ్ళే.

ఆ వరసలో నాకు బాగా నచ్చే మనిషి మార్క్ గోల్డ్. 1972లో ఆయన, చదువుకి పనికిరారని ముద్రపడిన అరవైనలుగురు కుర్రాళ్ళకి సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. మొదట 15 భాగాల బ్రేకు, తర్వాత 24 భాగాలది. మాటల్లో పెద్దగా చెప్పకుండా, భాగాల్ని వరసగా పేర్చి, తప్పు చేస్తే ఇంకోలా చెయ్యమని మాత్రమే అని. ఆయన సిద్ధాంతం ఒక్కటే: నేర్చుకోలేదంటే నేర్పిన తీరులో లోపం ఉంది, తీరు మార్చు. మా వృత్తిలో ప్రోగ్రామ్ నడవకపోతే కంప్యూటర్ని తిట్టం, మనం రాసిన కోడ్‌లోనే తప్పు వెతుకుతాం. పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం కంప్యూటర్నే తిట్టే అలవాటు అందరికీ ఉంది.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. చివరి మెట్టు ముందు నేర్పడం. అక్క కాగితంలో ఉన్నది అదే. మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే పిల్లవాడు ఎనిమిది మెట్లలో ఎక్కడో అలిసిపోయి వదిలేస్తాడు. ఎప్పుడూ పని పూర్తి కాదు. అదే ఏడు మెట్లు మనం చేసి ఎనిమిదోది వాడికి వదిలితే, మొదటి రోజే సాక్సు "వాడే" తొడుక్కున్నట్టు. ఆ గెలుపు రుచి తగిలాక ఏడోది, తర్వాత ఆరోది. వెనక నుంచి ముందుకి.

* * *

మన దేశానికొద్దాం. మద్రాసులో మేరీ క్లబ్‌వాలా జాదవ్ చొరవతో మొదలైన బాల విహార్‌లో, 1970ల్లో జయచంద్రన్, విమల అనే ఇద్దరు టీచర్ల ఉపయోగం కోసం ఒక పట్టిక తయారుచేశారు. మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ అని పేరు. చూశారా, పేరులోనే ప్రోగ్రామింగ్ ఉంది! 18 రంగాలు, ఒక్కోదానిలో 20 అంశాలు, తేలిక నుంచి కష్టానికి. మొత్తం 360. వాడికి ఎక్కడిదాకా వచ్చో గీత గీస్తే ఆ పై మెట్టే రేపటి పాఠం.

మన వైపు హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో, సికింద్రాబాద్‌లో హనుమంతరావు గారి స్వీకార్ 1977లో మొదలయ్యాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పెట్టింది. మా అమ్మానాన్నలు వెళ్ళింది అక్కడికే. ఆ తర్వాత దాని పేరు మారింది, ఇప్పుడు పేరులో మేధో వైకల్యం, సాధికారత అనే మాటలున్నాయి. అక్కడ జయంతి నారాయణ్ వంటివారు బడుల కోసం పట్టికలు రాశారు. 1992లో పెషావరియా, వెంకటేశన్ తయారుచేసిన ఇంకో పట్టికలో 7 విభాగాల్లో 280 నైపుణ్యాలున్నాయి. చిన్న బొమ్మల పుస్తకాలు వేశారు: తినడం, పళ్ళు తోముకోవడం, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, ఒక్కోదానికి ఒక్కో పుస్తకం.

ఇవి మనకెందుకు అవసరమయ్యాయంటే, పడమటి పుస్తకాల్లో స్నానమంటే తొట్టి, తిండి అంటే ఫోర్కు. మనకి బకెట్టూ చెంబూ. చెంబుతో నీళ్ళు తల మీద పోసుకోవడానికి చెయ్యి తలదాకా ఎత్తాలి, సమయానికి వంచాలి, కళ్ళు మూసుకోవాలి. పప్పన్నం తినడం ఇంకా కష్టం. కలపడం, ముద్ద చెయ్యడం, వేళ్ళ చివరలకి తేవడం, బొటనవేలితో నోట్లోకి నెట్టడం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేస్తున్నా, ఎన్ని మెట్లున్నాయో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. మా అమ్మ లెక్కపెట్టింది. నాన్న డైరీలో వెనక పేజీల్లో రాయించింది. పదకొండు వచ్చాయి.

ఆ వేసవంతా మా ఇంట్లో భోజనాలు గంటన్నర పట్టేవి. అమ్మ మొదట తమ్ముడి చెయ్యి మీద చెయ్యి వేసి ముద్ద చేయించేది. కొన్నాళ్ళకి మణికట్టు పట్టుకునేది. తర్వాత మోచెయ్యి, తర్వాత భుజం మీద ఒక వేలు, అంతే. చివరికి ఆ వేలు కూడా తీసేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడు అన్నమంతా చొక్కా మీద పోసుకున్నాడు. మా మామ్మ ఊరుకోలేక, "కన్నతల్లివేనా నువ్వు? పసివాణ్ణి అలా ఏడిపిస్తావా?" అని కేకలేసింది. అమ్మ మాట్లాడలేదు. ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నేనది చూశాను. నాకప్పుడు పన్నెండేళ్ళు, అమ్మ మీద నాకూ కోపమే వచ్చింది.

ఈ చరిత్ర అంతా చదివాక నాకర్థమైంది ఒక్కటే. విక్టర్ పక్కన బట్టలు పెట్టి ఆగిన ఇటార్ దగ్గర్నుంచి మా అమ్మ దాకా, ఈ విద్యలో కష్టమైన భాగం చెయ్యి వెయ్యడం కాదు, తియ్యడం. ఎప్పుడు తియ్యాలో ఏ పట్టికా చెప్పదు. త్వరగా తీస్తే పిల్లవాడు పడతాడు, తియ్యకపోతే నేర్చుకోడు. చేసిపెట్టడం ప్రేమలాగే కనిపిస్తుంది కాబట్టి తియ్యకపోతే ఎవరూ తప్పు పట్టరు కూడా. తీస్తే మాత్రం ఇంటిల్లిపాదీ తిడతారు.

* * *

కువైట్ సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ ప్రత్యేక విద్య చాలా ముందే మొదలైంది, అంధుల కోసం 1955లో అల్ నూర్ సంస్థతో. 1994లో సమీరా అల్ సాద్ ఆటిజం కేంద్రం స్థాపించారు. 2010లో వచ్చిన 8వ నంబరు చట్టం వికలాంగుల హక్కులకి సంబంధించింది. 2013లో ఐక్యరాజ్య సమితి ఒప్పందంలో కువైట్ చేరింది. మన దేశం 2007లోనే చేరింది, 2016లో 21 రకాల వైకల్యాలతో కొత్త చట్టం తెచ్చింది. బడులున్నాయి, చట్టాలున్నాయి. కానీ బడి నుంచి వచ్చిన కాగితం సాయంత్రం ఎవరి చేతిలో పడుతుంది? చాలా ఇళ్ళల్లో మన కడప జిల్లా అక్క చేతిలోనో, గోదావరి జిల్లా చెల్లెలి చేతిలోనో. రోజుకి రెండుసార్లు ఆ సాక్సు తొడిగేది ఆవిడే. ఆవిడకి ఆ కాగితం చదివి చెప్పేవాళ్ళు లేకపోతే రెండు వందల ఏళ్ళ చరిత్రా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

అందుకని మర్నాడు పది నిమిషాలు ముందే కిందికి దిగాను. అక్కకి మా తమ్ముడి కథ చెప్పాను. మా అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చోవడం కూడా చెప్పాను. జీతం సంగతికి ఇలా అన్నాను: "అక్కా, తొడగడానికి ఎవరైనా దొరుకుతారు. తొడక్కుండా పక్కన కూర్చోవడం అందరికీ రాదు. అదే అసలు పని."

అక్క కాసేపు ఆలోచించింది. "మరి అన్నీ వాడే చేసుకుంటే, నన్ను పంపించెయ్యరా సార్?"

నిజం చెప్పొద్దూ, ఈ ప్రశ్న నేను ఊహించలేదు. పంపించరని నేనెలా హామీ ఇవ్వను? రాజంపేటలో ఆవిడ కూతురు డిగ్రీ చదువుతోంది, ఫీజు ఇక్కడి నుంచే వెళ్ళాలి. పిల్లవాడు పెద్దవాడైతే ఆవిడ కొలువుకి ముప్పు. నాకేం చెప్పాలో తోచలేదు. ఆవిడే మళ్ళీ అంది: "మా పాప రెండేళ్ళప్పుడు ఇడిసిపెట్టి వచ్చినా. దానికి జడేసుకొనేది ఎవరు నేర్పినారో నాకు తెలీదు." అంతలో బస్సొచ్చింది.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున్న అక్క కారు అద్దం తట్టి కుర్రాడి కాళ్ళు చూపించింది. ఎడమ కాలి సాక్సు మడమ పైకి తిరిగి, వంకరగా ఉంది. "నేను ముట్టలే సార్. సరిజెయ్యాలని చెయ్యి పీకుతాంది గానీ ముట్టలే." కుర్రాడు కాలు ఎత్తి నాకూ చూపించాడు. వంకర సాక్సుతోనే బస్సెక్కాడు. అక్క కొలువు మాటేమవుతుందో నాకింకా తెలియదు. ఆవిడకీ తెలియదు. తెలియకుండానే నేర్పుతోంది.

* * *

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడికిప్పుడు ముప్ఫై దాటాయి. స్నానం వాడే చేస్తాడు, బట్టలు వాడే మడతపెడతాడు, టీ పెడతాడు (పంచదార మాత్రం రెట్టింపు). డబ్బు లెక్క ఇప్పటికీ రాదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. "మా తర్వాత వీడెలా?" అన్న ప్రశ్న ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం పద్దెనిమిది దాటినవాళ్ళకి సంరక్షకుణ్ణి నియమించుకునే దారి చూపింది. ఆ కాగితాల మీద సంరక్షకుడిగా నా పేరుంది. నేను ఎక్కడున్నానో మీకు తెలుసు, ఐదో రింగు రోడ్డు పక్కన. వాడు రోజూ తన పనులు తాను చేసుకోగలగడమే నన్ను ఇక్కడ నిద్రపోనిస్తోంది. కాగితం మీద సంతకం నాది, కానీ వాడికి అసలు కాపలా ఆ పదకొండు మెట్లు.

రాత్రి భోజనానికి కంచాలు పెట్టడం వాడి పని. అమ్మ నేర్పిన చివరి పాఠాల్లో అదొకటి. ఎంతమందిమి ఉన్నామో లెక్కపెట్టలేడు కాబట్టి, మనిషికో చోటు, చోటుకో కంచం అని నేర్పింది. 2019లో నాన్న పోయారు. కర్మలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళిపోయిన రాత్రి వాడు ఎప్పటిలాగే కంచాలు పెట్టాడు, నాన్న చోటులో కూడా. నేను లేచి తియ్యబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత రెండేళ్ళకి, ఇక్కడ జాబ్రియాలో లాక్‌డౌన్ రోజుల్లో తోచక ఇటార్ రెండో నివేదిక చదువుతున్నాను. మదామ్ గెరాన్ భర్త చనిపోతాడు. బల్ల సర్దడం విక్టర్ పని. ఆ రోజు అలవాటు ప్రకారం ఆయన చోటులో కూడా అన్నీ పెడతాడు. అది చూసి ఆవిడ ఏడుస్తుంది. విక్టర్ అవి తీసేసి బీరువాలో పెడతాడు, మళ్ళీ ఎన్నడూ ఆ చోటులో పెట్టడు. అంతవరకు చదివి ఇంక చదవలేక మూసేశాను.

మాట రాని ఆ పిల్లవాడికి ఏం తెలుసో ఏం తెలియదో అని పారిస్ పండితులంతా వాదించుకున్నారు. వాడికి బల్ల దగ్గర ఎవరి చోటు ఎక్కడో తెలుసు. పని నేర్పకపోయి ఉంటే, వాడికి తెలుసన్న సంగతి మనకి తెలిసేది కాదు.

మా వాడు విక్టర్‌లా తీసెయ్యలేదు. ఇప్పటికీ ఒక్కోరోజు నాన్న కంచం పెడతాడు. అమ్మ ఏమీ అనదు. భోజనాలయ్యాక ఆ ఖాళీ కంచం కూడా వాడే తీసి, కడిగి, బోర్లిస్తాడు.